జిడ్డు మైలేనా?

పొద్దున తలస్నానం చేసినా సాయంత్రానికల్లా మాడు జిడ్డోడుతుంటే బాధ అందం గురించి మాత్రమే ఉండదు. ఒళ్లు శుభ్రంగా లేదన్న దిగులు, ఆ తలతో దేవుడి ముందు దీపం పెట్టడానికి జంకు కూడా ఉంటాయి. ఆ జంకుకు మూలం లేకపోలేదు. మనుస్మృతి అయిదో అధ్యాయం పన్నెండు దేహమలాలను లెక్కపెడుతూ ముందుగా చెప్పేది వస, అంటే కొవ్వు. అయితే అదే సంప్రదాయం ఉగాదినాడు, నరక చతుర్దశినాడు తలకు నూనె పట్టించాకే స్నానం చేయమంటుంది. సంస్కృతంలో నూనెకూ ఆప్యాయతకూ ఒకటే మాట, స్నేహం. కాబట్టి జిడ్డు కనబడగానే మైల అనుకోవడం సంప్రదాయంలో సగాన్నే వినడం. శౌచమంటే దేహం తత్వం తెలుసుకుని దాన్ని చూసుకోవడమని నా నమ్మకం. అసహ్యంతో తల రుద్దుకునేవారికి ఆ శౌచం అందదు.

దేహం తత్వం ఏమిటో చూద్దాం. వెంట్రుక కుదురు పక్కన ఉండే చిన్న గ్రంథి ఈ చమురును ఊరిస్తుంది. తల్లి కడుపులోనే దాని పని మొదలవుతుంది. పుట్టిన బిడ్డ ఒంటిమీది తెల్లని మెత్తటి పూతలో ఆ చమురూ కలిసి ఉంటుంది. మొదటి స్నానానికి 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కనుక ఆ పూత కొంతసేపు బిడ్డకు అంటిపెట్టుకునే ఉంటుంది. అంత పసి ఒంటిని మలినమని ఎవరంటారు? యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావంతో గ్రంథి పెద్దదై చమురు ఎక్కువగా ఊరుతుంది. ఎంత తోమినా ఆ హార్మోన్లు తగ్గవు. తల జిడ్డుగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా పదిహేనేళ్ల పిల్లలు, అది తమ తప్పని కుమిలిపోవడం నిజంగా అన్యాయం.

అలాగైతే కడగకుండా వదిలేయవచ్చా అంటే, వదలకూడదు. మాడు మీద సహజంగా బతికే మలసీజియా అనే శిలీంధ్రం ఈ చమురునే తిని, చర్మాన్ని రేపే కొవ్వు ఆమ్లాలను మిగులుస్తుంది. చుండ్రు, దురద అక్కడే మొదలవుతాయి. జిడ్డు మరీ ఎక్కువైతే రోజూ తలస్నానం చేసినా తప్పులేదు. షాంపూ అయినా కుంకుడు రసమైనా మాడుకు పట్టించి వేళ్ల కొసలతో మెల్లగా రుద్దాలి, గోళ్లతో గీరకూడదు. కండిషనర్ వాడితే జుట్టు చివర్లకే చాలు. పెద్దలు నూనె పెట్టమన్నారు కదా అని జిడ్డు తలకు మళ్లీ నూనె పట్టించడం మాత్రం నాకు సమ్మతం కాదు. అభ్యంగాన్ని, అంటే ఒంటికి నూనె పట్టించడాన్ని, అంత మెచ్చుకున్న ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయమే కఫం ప్రకోపించినవారికీ అజీర్ణం ఉన్నవారికీ అది వద్దంటుంది. తలమీద వేడినీళ్లు పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ బలం తగ్గుతుందనీ చెబుతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు. పొలుసులు కట్టి ఎర్రబడితే వంటింటి చిట్కాలు ఆపి చర్మవైద్యుణ్ని కలవాలి.

శౌచంలో అసహ్యానికి చోటు లేదన్న నా మాటకు బలమైన ఆక్షేపణ పతంజలి యోగసూత్రాల నుంచి వస్తుంది. శౌచం వల్ల సాధకుడికి తన అవయవాల మీదే జుగుప్స కలుగుతుందని పతంజలి అన్నాడు కదా? అన్నాడు. కానీ వెంటనే వచ్చే సూత్రంలో శౌచానికి ఫలాలుగా సత్త్వశుద్ధినీ, మనసు ప్రసన్నతనూ, ఏకాగ్రతనూ చెప్పాడు. ఆయన చెప్పిన జుగుప్స దేహం మీది మోజును వదిలించేది. గంటకోసారి అద్దంలో పాపిట చూసుకుని కలతపడేవారికి దేహం మీది ధ్యాస ఇంకా బిగుసుకుంటుంది, మనసు ప్రసన్నత దూరమవుతుంది. నీటితో స్నానం చేయలేని రోగికి ధర్మశాస్త్రాలు మంత్రస్నానాన్ని, మానసస్నానాన్ని విధించాయి. ఆ స్నానాల్లో మాడు మీది చమురు చుక్కైనా కదలదు, అయినా అతను సంధ్యావందనానికి అర్హుడే.