ఇంటి నుడి, బడి రాత

పసిబిడ్డ రాసిన మాటలో తప్పు ఏది? మరమగ్గాల నగరమైన సూరత్‌కు తెలంగాణ నుంచి తరతరాలుగా పద్మశాలి కుటుంబాలు తరలివచ్చాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడపడం హర్షణీయం. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. అయితే అధికరణాలు ఇంటి గడప దాటి రావు. లింబాయత్‌లోనైనా, వడోద్‌లోనైనా, పలక పట్టిన బిడ్డ పక్కన కూర్చోవలసింది తల్లే.

ఆ బిడ్డ ‘బాపు వచ్చిండు’ అని రాశాడనుకుందాం. పాఠ్యపుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటుంది. దిద్దాలా? ‘వచిండు’ అని రాసి ఉంటే అది నిజంగా తప్పే. చెవి విన్న ద్విత్వాన్ని చేయి విడిచిపెట్టింది. ‘వచ్చిండు’ అలాంటిది కాదు. విన్నది విన్నట్టు, ఒక్క వత్తు జారకుండా రాసిన రాత అది. ఈ రెంటినీ ఒకే ఎర్రసిరాతో కొట్టివేస్తే, అమ్మ మాటే తప్పని బిడ్డ గ్రహిస్తాడు. తెలుగు రాతకు చాలామటుకు చెవే ప్రమాణం కనుక ఆ ఇంట ఉన్న ఏకైక నిఘంటువు అమ్మ నోరు. దానిని దోషభూయిష్ఠమని ముద్రవేశాక ఇంట్లో చదువు నేర్పమని ఆమెను కోరడం ఏపాటి న్యాయం?

రాతలో కట్టుబాటు అక్కరలేదని కాదు. గాంధీజీ ప్రేరణతో గుజరాత్ విద్యాపీఠం 1929లో ‘జోడణీకోశ్’ వెలువరించింది ఆ కట్టుబాటు కోసమే. మన గిడుగు రామమూర్తి పంతులు జీవద్భాష కోసం పోరాడారు. కాని ఆ పోరాటఫలంగా అచ్చులో స్థిరపడిన శిష్టభాషలో తెలంగాణ పలుకుకు దక్కిన చోటు స్వల్పం. దూరాన ఉన్న అపరిచితుడికి అర్థం కావడానికి ఉమ్మడి రూపం కావాలి. అది ఏడెనిమిదేళ్ల వయసులో రెండవ మెట్టుగా రావచ్చు.

చెవికీ హద్దులున్నాయి. ‘భాష’ను ‘బాస’ అని పలికే ఇంట భకారం, షకారం వినబడవు. అవి కంటితో నేర్వవలసినవి; ఆ భారం బడిదే. అన్నట్టు, గుజరాతీ బారాఖడీ మన గుణింతానికి తోబుట్టువే. ఒకటి వచ్చిన తల్లికి రెండవది పూర్తిగా పరాయిది కాదు.

చదువురాని తల్లి సైతం ఒక మాట చెప్పి, రాయించి, బిడ్డచేత పైకి చదివించవచ్చు. తాను అన్నది తనకు తిరిగి వినబడకపోతే, జారిన వత్తును బిడ్డే వెదుక్కుంటాడు. ఉపాధ్యాయుడు ‘వచ్చిండు’ను కొట్టివేయక, దాని పక్కన ‘వచ్చాడు’ అని రాస్తే చాలు.