కరగని మనస్సు - మరువని స్వామి

సంకీర్తన చెవిని బడగనే కొందరికి కన్నులు చెమర్చును. కొందరికి మేను పులకించును. అశ్రువును, రోమాంచమును మన పెద్దలు సాత్త్విక భావములలో చేర్చిరి. కాలక్రమమున మనము వానినే భక్తికి కొలబద్దగా చేసికొంటిమి. ఈ కొలబద్ద సరియైనదేనా?

ఒక గృహమును ఊహింపుడు. 40 ఏండ్లుగా శనివారపు భజన తప్పని ఇంటి పెద్దకు పక్షవాతము వచ్చినది. చికిత్సవలన నడకయు, మాటయు కుదుటబడినవి. అన్నమాచార్యుల కీర్తన పాడినచో పల్లవి గుర్తించును. రాగము పేరు చెప్పును. తాళము తప్పినచో పట్టుకొనును. మనస్సు మాత్రము కదలదు. "స్వామి నన్ను విడిచెనేమో" యని ఆయన లోలోన కుములును. "నాయనగారికి మునుపటి భక్తి లేదు" అని ఇంటివారు అనుకొందురు.

ఈ రెండును సత్యములు కావు. వైద్యశాస్త్రము ఇట్టి స్థితిని ఎరుగును. 52 ఏండ్ల రేడియో ప్రకటనకర్త యొకనిగూర్చి 2004లో ఇంగ్లండు వైద్యులు వ్రాసిరి. రష్యా దేశీయుడగు రహ్మానినోవ్ కూర్చిన పియానో కృతులు వినుచు ఆయన పరవశించెడివాడు. మెదడున ఎడమవైపు ఇన్సులా, అమిగ్డాలా అను భాగములు దెబ్బతిన్న పిమ్మట ఆ పరవశము పోయినది. సంగీతమును గ్రహించు శక్తి మాత్రము చెడలేదు. దీనికి విపరీతమైన స్థితియు కలదు. మెదడు ఇరుప్రక్కల దెబ్బతిన్న ఒక స్త్రీ చిరపరిచితమైన పాటలనైనను గుర్తింపలేకపోయినను, వినుచున్నది సంతోషగీతమో విషాదగీతమో చెప్పగలిగెనని 1998లో కెనడా పరిశోధకులు ప్రకటించిరి. పాటను గుర్తించు త్రోవ యొకటి, పాటకు కరగు త్రోవ వేరొకటి యని దీనివలన తెలియుచున్నది. ఒకటి తెగినను రెండవది నిలువవచ్చును. అది దేహమునకు కలిగిన గాయము. జీవుని అపరాధము కాదు.

"అట్లయిన భక్తియు మెదడుతోనే పోవునా?" యని శంక కలుగును. ఈ శంకను మన పూర్వులు ముందే ఎరుగుదురు. అంత్యకాలమున అలసటచే నిన్ను తలపలేనేమో, అప్పటికై ఇప్పుడే విన్నవించి ఉంచుచున్నానని పెరియాళ్వారు శ్రీరంగనాథునితో మొరపెట్టుకొనెను. తన స్మరణశక్తిని ఆయన నమ్ముకొనలేదు. స్వామి స్మరణశక్తిని నమ్ముకొనెను.

ఆ నమ్మకమునకు ఆధారము తిరుమలయందే కలదు. శ్రీనివాసునికంటె ముందుగా యాత్రికులు సేవింపవలసినవాడు పుష్కరిణి తీరముననున్న భూవరాహస్వామి. దేహమును మనస్సును స్వస్థముగా ఉన్నప్పుడు నన్ను తలచినవాడు కడపట కట్టెవలె, రాతివలె పడియున్నచో, వానిని నేనే తలచి పరమగతికి చేర్తునని వరాహ చరమశ్లోక తాత్పర్యము. స్వామి కట్టెను కన్నీరు పెట్టుమని అడుగలేదు, రాతిని పులకింపుమనలేదు. స్మరణభారము తానే వహించెను.

మన పెద్దాయన కట్టెయు కాడు, రాయియు కాడు. ఆనందము దొరకకున్నను శనివారము వచ్చి భజనలో కూర్చుండుచున్నాడు. జ్వరముచే నాలుకకు రుచి తెలియనివాడు ప్రసాదమును కన్నులకద్దుకొని స్వీకరించును. వాని భక్తి తక్కువదని ఎవరైన అందురా? రుచి తెలిసి తినువానికంటె వాని చేయియే భద్రముగా పట్టుకొని యుండునేమో!

కావున ఇంటివారు చేయవలసినది స్వల్పము. ఈ మార్పును వైద్యునికి తెలుపవలెను. "ఏమైన అనిపించుచున్నదా?" యని మాటిమాటికి పరీక్షింపరాదు. ఆయన కూర్చుండు చోటున ఆయననే కూర్చుండబెట్టి, తాళములు చేతికీయవలెను. కన్నీరు వచ్చువారు దానిని తమ ఘనతగా తలపక, తమకింకను మిగిలియున్న వరముగా స్వీకరింపవలెను.

కరగుట మనచేతిలోనిది కాదు. వచ్చి కూర్చుండుట మనచేతిలోనిది. మిగిలినది శ్రీనివాసుని భారము.