పాటకు కర్త ఎవరు? ఏ.పి. కార్టర్ రచనల మీద ఒక విచారణ

అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లోనూ అపలేచియన్ కొండల నడిమి లోయల్లోనూ పెరిగి, 1920ల నాటికి గ్రామఫోను రికార్డుల కెక్కిన జానపద గానాన్నే తరువాతి కాలంలో 'కంట్రీ మ్యూజిక్' అన్నారు. ఆ సంగీతానికి తొలితరం రచయితల్లో ఏ.పి. కార్టర్‌ది పెద్ద పేరు. అయితే ఆయన పేరున నమోదైన పాటల్లో చాలా వాటిని ఆయన పుట్టించలేదన్న సంగతి కూడా అంత ప్రసిద్ధమే. ఈ రెండూ నిజమే కావడం వల్ల, రచన అంటే లేనిదాన్ని సృష్టించడమా, ఉన్నదాన్ని గుర్తించి నిలబెట్టడమా అన్న పాత తాత్త్విక ప్రశ్న ఈ మనిషి జీవితంలో ఒప్పంద పత్రాల రూపంలో ఎదురవుతుంది.

కార్టర్ 1891లో వర్జీనియా రాష్ట్రం స్కాట్ కౌంటీలో, క్లించ్ పర్వతం కింద ఉన్న 'పూర్ వ్యాలీ' అనే లోయలో పుట్టారు. మెథడిస్టు కుటుంబం, బతుకుతెరువుకు పండ్ల మొక్కలు అమ్ముతూ ఊరూరా తిరిగిన కాలమూ ఉంది. 1927 ఆగస్టు మొదట్లో భార్య సారాతోనూ తమ్ముడి భార్య మేబెల్‌తోనూ బ్రిస్టల్ పట్టణానికి వెళ్లి, విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున వచ్చిన రాల్ఫ్ పియర్ ముందు రెండు రోజుల్లో ఆరు పాటలు పాడారు. పియర్ కంపెనీ నుంచి జీతానికి బదులు పాటల ప్రచురణ హక్కులను ఎంచుకున్న వ్యాపారి. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం హక్కులున్న పాట అమ్ముడైన ప్రతి రికార్డుకూ రెండు సెంట్లు రావాలి, ఆ సొమ్ము రావాలంటే పాటకు ఒక యజమాని ఉండాలి. అందువల్ల ఆయనకు కావలసినవి పాతవిగా వినిపిస్తూనే కాగితం మీద కొత్తవిగా నిలిచే పాటలు. అలాంటి పాటలను వెతికి తేవడమే ఆ తరువాత కార్టర్‌కు వృత్తి అయింది.

కార్టర్‌ను సమర్థించేవారు ఆయన సృష్టికర్త కాకపోయినా సంరక్షకుడని అంటారు. మీమాంసకుల సిద్ధాంతం ఈ వాదానికి దగ్గరగా కనిపిస్తుంది: వేదం అపౌరుషేయం, అంటే దానికి కర్తృత్వం వహించే పురుషుడు లేడు, ఋషులు మంత్రాలను దర్శించినవారే గాని రచించినవారు కారు. కొండపల్లెల పాటకు కూడా ఆద్యుడు దొరకడు గనుక, కార్టర్‌ను ద్రష్టగా భావించవచ్చునని తోస్తుంది. కాని కర్త లేని చోట యజమానీ ఉండడు కదా; మంత్రానికి రాయల్టీ వసూలు చేసిన ఋషి ఎక్కడా లేడు. పైగా ఈ పాటల్లో కొన్నింటికి ఆద్యులు స్పష్టంగానే ఉన్నారు: కార్టర్ కుటుంబం 1928లో పాడిన 'కీప్ ఆన్ ది సన్నీ సైడ్' 1899 నాటి కీర్తన, దాని రచయిత్రి ఏడా బ్లెంకార్న్.

అయినా కార్టర్‌ను వట్టి సేకర్తగా తగ్గించడమూ సరికాదు. 1907లో ఏడా హేబర్షన్ రాయగా చార్లెస్ గేబ్రియెల్ స్వరపరచిన 'విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్' అనే కీర్తన శ్రోతను మారుమనస్సుకు పిలిచే ప్రబోధం: పరలోకంలో కుటుంబం మళ్లీ ఒకచోట చేరే నాడు, నువ్వు అందులో ఉంటావా అని అది అడుగుతుంది. 1935లో కార్టర్ కుటుంబం రికార్డు చేసిన రూపంలో పల్లవి దాదాపు నిలిచింది గాని చరణాలు పూర్తిగా మారాయి: తల్లి శవాన్ని తీసుకుపోతున్న బండిని కిటికీలోంచి చూసే కొడుకు, బండిని మెల్లగా నడపమని వేడుకోవడం, ఖాళీ అయిన ఇంటికి తిరిగి రావడం. ఉపదేశం విలాపమైంది. మొదటి కీర్తనలో పరలోకం గురించిన ప్రశ్న వినేవాడి నిర్ణయం మీద ఆధారపడింది. రెండో దానిలో అదే ప్రశ్న, జవాబు చేతికందని వాడి దుఃఖంగా మారింది. మతం బోధించే ఆశ్వాసనకూ మనిషి పడే శోకానికీ మధ్య దూరాన్ని ఇంత తక్కువ మార్పుతో చూపడాన్ని రచన అనకుండా ఉండలేము.

అసలు చిక్కు మరోచోట ఉంది. పాటల వేటలో కార్టర్‌కు తోడుగా తిరిగిన లెస్లీ రిడిల్ నల్లజాతి గిటారు వాద్యకారుడు, సిమెంటు కర్మాగారపు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. వారు విన్న పాటల మాటలను కార్టర్ కాగితం మీద రాసుకునేవారు. బాణీ మాత్రం రిడిల్ జ్ఞాపకంలో ఇంటికి చేరేది. జాతుల వేర్పాటు చట్టబద్ధమైన ఆ ప్రాంతంలో ఇద్దరూ కలిసి తిరగడమే అసాధారణం. అయినా రిడిల్ దగ్గర నేర్చుకున్న 'కెనన్ బాల్ బ్లూస్' కూడా కార్టర్ పేరునే వెలువడింది.

మన సంప్రదాయం చెప్పే ఋషిఋణం, అంటే పూర్వులు ఇచ్చిన జ్ఞానానికి మనిషి పడే బాకీ, అధ్యయనంతోనూ ఇతరులకు అందించడంతోనూ తీరుతుంది. పేరు తెలియని పూర్వగాయకుల బాకీని కార్టర్ ఆ విధంగా తీర్చారని ఒప్పుకోవచ్చు. రిడిల్ మాత్రం పూర్వుడు కాడు, కింగ్స్‌పోర్ట్ పట్టణంలో బతికి ఉన్న స్నేహితుడు. ఆయనకు చెల్లవలసినదాన్ని పాట అందరిదీ అన్న సూత్రం మాఫీ చేయలేదు, ఎందుకంటే ఆ సూత్రాన్ని కార్టర్ పియర్‌తో చేసుకున్న ఒప్పందమే ముందుగా పక్కన పెట్టింది. కార్టర్ 1960లో మరణించారు. ఆ తరువాత మేబెల్ ద్వారా రిడిల్ గురించి తెలుసుకున్న జానపద సంగీతకారుడు మైక్ సీగర్ ఆయనను వెతికి పాటలు రికార్డు చేసేదాకా, ఆ బాణీలు ఎవరి జ్ఞాపకంలో ప్రయాణం చేశాయో శ్రోతల్లో చాలామందికి తెలియదు.