వచ్చెదనన్న దినమున వచ్చుట

ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఏడేండ్ల బిడ్డకు రక్తపు క్యాన్సరు అని తేలినదనుకొనుడు. తలిదండ్రులు బిడ్డను నంద్యాలకును, అక్కడనుండి కర్నూలుకో హైదరాబాదుకో రాయవేలూరుకో తీసికొని పోవుదురు. మొదటి నెలలో ఊరంతయు పరామర్శకు వచ్చును. చికిత్సయో, రెండు మూడేండ్లు సాగును. ఆరవ నెలలో ఆ గడప త్రొక్కువారెవరు?

పట్టణములలోని వైద్యశాలలకు స్వచ్ఛందముగా పోయి, ఇట్టి బిడ్డలతో బొమ్మలు గీయుచు, కథలు చెప్పుచు, స్నేహము చేయువారు కలరు. వారు వైద్యులు కారు. చేతిలో మందు లేనివాడు పోయి చేయు మేలేమి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

మందు గొప్పదే. అందులో తెలుగువాని చేయియు నున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సహచరులతో సిద్ధపరచిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందికి రోగము కొంతకాలము అణగెనని 1948లో ప్రకటించెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. అయినను రోగమును మాత్రమే గాక బిడ్డ మనస్సును, కుటుంబపు కష్టమును గూడ చూడవలెనని ఆ ఫార్బరే పట్టుబట్టెను.

ధనిక దేశములలో క్యాన్సరు వచ్చిన బిడ్డలు నూటికి 80 మందికి పైగా స్వస్థపడుచుండగా, ఆదాయము తక్కువైన అనేక దేశములలో 30 మందియైనను స్వస్థపడుట లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చికిత్స నడుమ మానివేయుట ఇందుకొక కారణము. బస్సు ఛార్జీలు, పోయిన కూలి, ఇంటివద్ద విడిచిన తక్కిన పిల్లలు, ఇరుగుపొరుగు మాటలు, ఇవన్నియు కలిసి తల్లిని అలయజేయును. మరల పోవలసిన తేదీని జ్ఞాపకము చేయువాడు, ఇంటనున్న పిల్లలకు అన్నము పెట్టునామె, బస్సులో ప్రక్కన కూర్చుండువాడు, వీరి చేతిలో మందు లేదు. కాని మందు బిడ్డకు అందుట వీరి వలననే కావచ్చును.

యోబు స్నేహితులు ఏడు దినములు రేయింబవళ్లు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. అప్పుడు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి అతని పాపమును వెదకినప్పుడు చెడిరి. “ఎవరి పాపమో”, “ప్రార్థన చాలలేదేమో” అని మనమును బిడ్డ మంచమునొద్ద గొణుగుదుము. పుట్టుగ్రుడ్డిని గూర్చి శిష్యులు అట్లడిగినప్పుడు యేసు దానిని అంగీకరింపలేదు.

ఇది అంటురోగము కాదు. బిడ్డ వలన మనకు భయము లేదు; మన వలననే బిడ్డకు భయము. మందులు తెల్లరక్తకణములను తగ్గించును గనుక జలుబు, దగ్గు గలవాడు ఆ దినము పోరాదు. పోవువాడు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తల్లినడుగక తినుబండారము పెట్టరాదు. రాలిన జుట్టును గూర్చి గాక, గోలీలను గూర్చి, బడిని గూర్చి మాటలాడుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాట నిలుపుట. శనివారము వచ్చెదనని చెప్పి రానివాడు, అసలే రానివానికంటె ఎక్కువ నొప్పించును. “నేనిట్లయితిని గనుక రాలేదు” అని బిడ్డ తలంచును. కాబట్టి పదిమంది ఒకసారి పోవుటకంటె ఒక్కడు పదిసారులు పోవుట మేలు. చికిత్స ఫలింపని బిడ్డయొద్దకును అట్లే పోవలెను. స్నేహము మందుకు బదులు కాదు, స్వస్థతకు వెలయు కాదు. అది బిడ్డకు మనము చెల్లింపవలసిన ఋణము. మీ సంఘములో అట్టి బిడ్డ యున్నయెడల, ఈ శనివారము ఎవరు పోవుదురు?