మంచి కబురు వింటే ఒక మాట అడుగు

అమ్మలూ,

కొత్త ఉద్యోగం వచ్చిందని మన ఇంటి వాట్సాప్ గ్రూపులో నువ్వు పెట్టిన కబురు చూశాను. చాలా సంతోషం తల్లీ. అయితే ఆ సాయంత్రం మీ అమ్మతో, "అందరూ బొటనవేళ్ళు ఎత్తారే తప్ప ఎక్కడ, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు, ఇకమీదట నేనేమీ పెట్టను" అన్నావట. టెలిగ్రాం ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమ్మను కదా, కబుర్ల సంగతి నాకూ కాస్త తెలుసు. రెండు మాటలు చెబుతాను, విను.

మా రోజుల్లో టెలిగ్రాం వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనేది. విప్పి చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. కానీ అదే తీగ మీద పెళ్ళి శుభాకాంక్షలూ, దీపావళి శుభాకాంక్షలూ కూడా వెళ్ళేవి. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి, తంతి శాఖవాళ్ళే కొన్ని వాక్యాలు తయారుచేసి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు. ఫారం మీద ఆ అంకె వేస్తే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి వాక్యం రాసి అందించేవారు. పెళ్ళివారింటికి నాలుగు ఊళ్ళ నుంచి నాలుగు టెలిగ్రాములొస్తే నాలుగింటిలోనూ అదే వాక్యం ఉన్నా ఎవరూ చిన్నబుచ్చుకునేవారు కాదు. ఆ అంకె కోసం ఒక మనిషి పనిమాలా ఆఫీసు దాకా వచ్చి, వరసలో నిలబడి, డబ్బు కట్టాడని అందరికీ తెలుసు. 2013 జులైలో ఆ సర్వీసే మూతపడింది. ఇవాళ్టి బొటనవేలు కూడా అలాంటి అంకే. కాకపోతే దీనికి నడక లేదు, ఖర్చు లేదు. అందుకే అది వచ్చినా మనసు నిండదు. పంపినవాళ్ళకు ప్రేమ లేదని మాత్రం అనుకోకు.

షెల్లీ గేబుల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మరి కొందరు కలిసి ఈ విషయం మీదే పరిశోధన చేసి 2004లో ప్రచురించారు. మంచి జరిగినప్పుడు దాన్ని ఇంకొకరితో చెప్పుకుంటే, జరిగిన మంచి ఇచ్చే ఆనందానికి పైన మరికొంత ఆనందం కలుగుతుందని వాళ్ళు చూశారు. ఎదుటివాళ్ళు ఉత్సాహంగా స్పందిస్తే అది ఇంకా ఎక్కువట. ఆ స్పందనలను నాలుగు రకాలుగా విడదీశారు. నీ ఉద్యోగం సంగతే తీసుకో. "అబ్బ! ఎప్పుడు చేరుతున్నావు, ఏం పని?" అనేవాళ్ళు ఒకరు. "బాగుంది" అని ఊరుకునేవాళ్ళు ఇంకొకరు. "అంత దూరమా? రోజూ ఆ ట్రాఫిక్‌లో పడి ఏం తిరుగుతావు" అని నీళ్ళు చల్లేవాళ్ళు మూడోవారు. వినీ విననట్టు "అన్నట్టు మా వాడికి కూడా..." అని తమ కథ ఎత్తుకునేవాళ్ళు నాలుగోవారు. దంపతుల మధ్య, ప్రేమజంటల మధ్య బంధం గట్టిగా ఉన్నచోట కనిపించింది మొదటి రకమే. ముక్తసరి "బాగుంది" కూడా మిగతా రెండింటి సరసనే చేరింది.

మొన్న మీ చిన్నత్త దొండపాదు తొలి కాపు ఫొటో పెట్టింది, చూశావా? పళ్ళెంలో గుప్పెడు కాయలు, ఒకదానికి ఇంకా పువ్వు ఊడలేదు. బొటనవేళ్ళు వచ్చాయి, గులాబీలు వచ్చాయి, ఎవరో "నైస్" అన్నారు. మీ తాతయ్య ఒక్కరే, "పందిరి వేశావా, డాబా మీదకు ఎక్కించావా?" అని అడిగారు. అంతే! తీగ ఎవరిచ్చారో, పందిరికి పాత చీర అంచులు ఎలా కట్టిందో, పేనుబంక పడితే ఏం చల్లిందో చెబుతూ అత్త ఇంత పొడుగు వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ గొంతులో సంబరం నువ్వూ వినే ఉంటావు. మరి ఆ రోజు నువ్వేం పంపావు? నేను పైకి జరిపి చూశాను తల్లీ. నీదీ బొటనవేలే.

నీకు చెప్పదలచుకున్నది ఇదే. మన కబురుకు నలుగురూ పలకాలంటే ముందు మనం నలుగురి కబుర్లకూ పలకాలి. ప్రతిదానికీ పేజీలు రాయక్కర్లేదు, రోజుకు ఒక్కరిని ఒక్క ప్రశ్న అడుగు. నువ్వు చెప్పేటప్పుడు కూడా ఎదుటివాళ్ళకు అడగడానికి ఏదో ఒకటి అందించు. ఆఫర్ లెటర్ ఫొటో పెడితే అభినందనలు తప్ప ఏమంటారు? ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకు తడబడ్డావో, తొలి జీతంతో ఏం కొనాలనుకుంటున్నావో రాయి. చూడు, ఎంతమంది మాటలు కలుపుతారో! పెద్ద కబుర్లే కానక్కర్లేదు. పుల్కా మొదటిసారి పొంగినా, పిల్లాడికి తొలి పన్ను వచ్చినా చెప్పుకోదగ్గదే.

ఇంకొక మాట. శుభలేఖ అందరికీ వెళ్తుంది, అయినా దగ్గరివాళ్ళను గడప దాకా వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తాం. మంచి కబురూ అంతే. అమ్మానాన్నలకు, నానమ్మకు, నీకు చదువు చెప్పిన మాస్టారికి ముందు ఫోన్ చెయ్యి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టు. గ్రూపులో ఎవరైనా దుఃఖంలో ఉంటే రెండు రోజులు ఆగు. పిల్లల కోసం గుళ్ళూ ఆసుపత్రులూ తిరుగుతున్న అక్క ఉన్నచోట సీమంతం ఫొటోలు పెట్టేముందు ఆమెకు విడిగా ఒక మాట చెప్పు. దాచమని కాదు, హఠాత్తుగా కళ్ళబడకుండా ఉండాలని.

ఫొటోలు పెడితే దిష్టి తగులుతుందంటారు, ఆ సంగతి నీ ఇష్టం, జాగ్రత్తలు మాత్రం పాటించు. విమానం బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్‌లో నీ పేరూ, బుకింగ్ నంబరూ ఉంటాయి, దాన్ని ఫొటోలో కనిపించనివ్వకు. మార్కుల జాబితా మీద హాల్ టికెట్ నంబరు కప్పెయ్యి. తిరుమల ఫొటోలు ఇంటికి తిరిగొచ్చాక పెట్టు, తాళం వేసిన ఇంటి సంగతి ఊరంతటికీ ఎందుకు?

నాకైతే నువ్వు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆఫీసు ఎక్కడ, ఏ బస్సెక్కాలి, మధ్యాహ్నం భోజనం ఎలా? ఈ రాత్రికే ఫోన్ చెయ్యి. అంతకంటే ముందు మీ చిన్నత్తను, దొండకాయలు ఏం వండిందో అడుగు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ