ఎక్కే బలం, దిగే బలం

పాత లారీకి పవర్ పెంచుదామన్న ఆలోచన ఘాట్‌లోనే పుడుతుంది. చదును రోడ్డు మీద ఎవరికీ రాదు. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని, నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమల ఎక్కుతుంటే కొత్త బండ్లు హారన్ కొట్టి దాటిపోతాయి. అవతలి వైపు దిగి బండి ఆపాక మా డ్రైవరు ఫోన్ చేసి అనేది ఒకటే మాట: "బండి లాగట్లేదు బాబాయ్. టర్బో ఎక్కిద్దాం."

ఆ మాట కొట్టిపారేయలేను. కిరాయి టన్నుల లెక్కన వస్తుంది. బండి బలమే మా ఇంటి బలం. అయినా తొందరపడి సరే అనలేకపోతున్నాను.

మాది టర్బో లేని టాటా 1612. ఆ పేరులోనే లెక్కంతా ఉంది. సరుకుతో కలిపి సుమారు 16 టన్నుల బరువు, సుమారు 120 హార్స్‌పవర్. అంతకుముందు వచ్చిన 1210 పేరు కూడా ఇదే పద్ధతి. మొయ్యాల్సిన బరువునూ లాగే బలాన్నీ పక్కపక్కన రాసిపెట్టారు. క్లచ్ ప్లేటు, గేరుబాక్సు, హౌసింగులో క్రౌన్ పినియన్, రేడియేటరు, బ్రేకు డ్రమ్ములు అన్నీ ఆ రెండు అంకెలకు కట్టుబడి తయారైనవే. అందులో ఒక అంకెను మనం దిద్దితే, మిగతా సామాను దానికి ఒప్పుకుందో లేదో ఎవరు అడిగారు?

చవక దారి ఒకటుంది. ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపును షాపులో దిద్ది డీజిల్ పెంచేస్తారు. సాయంత్రానికి బండి చురుగ్గా లాగుతుంది. అయితే ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 12 కిలోల గాలి కావాలి. అంటే దాదాపు పది వేల లీటర్ల గాలి. ఆ గాలి పెంచకుండా డీజిల్ పెంచితే మిగిలేది నల్లపొగ, పిస్టన్ల మీద వేడి. టర్బో గాలిని కూడా పెంచుతుంది కాబట్టి అది నిజాయితీ గల దారి. కానీ టర్బో ఇంజన్‌కి కంప్రెషన్ తగ్గించిన పిస్టన్లు, వేడిని లాగేసే ఏర్పాటు కంపెనీలోనే చేసి పంపుతారు. మామూలు ఇంజన్ మీద పాత సామానులో దొరికిన టర్బో బిగించినంత మాత్రాన అవన్నీ వెంట రావు.

సరే, అన్నీ కుదిరాయనుకుందాం. ఏం మిగులుతుంది? నూటికి ఆరు వాలున్న అయిదు కిలోమీటర్ల ఎక్కుడు, నిండు లోడు. 120 హార్స్‌పవర్‌తో గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగం వస్తుంది. 150 చేస్తే 30. నా లెక్కలో కలిసొచ్చేది రెండున్నర నిమిషాలు. ఆ రెండున్నర నిమిషాల కోసం ఎవరూ లక్షలు పెట్టరు. అసలు కోరిక, పైకి అనకపోయినా, ఇంకో రెండు టన్నులు ఎత్తడం. నన్ను భయపెట్టేది అదే.

ఎందుకంటే ఎక్కిన బండి దిగాలి. 16 టన్నుల బండి అదే వాలులో మూడు వందల మీటర్ల ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 47 మెగాజౌళ్లు. లీటరుంపావు డీజిల్ తగలబెడితే వచ్చేంత వేడి. గాలి, టైర్లు కొంత మింగుతాయి, చిన్న గేరులో ఇంజన్ కొంత పట్టి ఉంచుతుంది, మిగిలినదంతా డ్రమ్ములూ లైనర్లూ భరించాలి. పంపు ఎంత పెంచినా, యాక్సిలరేటర్ వదిలేసి దిగేటప్పుడు ఇంజన్ పట్టు పెరగదు. ముందుకు తోసేదాన్నే మనం బలం అంటాం. పట్టి ఆపేదాన్ని బలం కింద లెక్క కట్టం. దాని అవసరం తెలిసే వేళకు డ్రైవరు ఒక్కడే ఉంటాడు, యజమాని ఇంట్లో ఉంటాడు. ఈ నిర్ణయంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచే సంగతి ఇది.

ఇంకో ప్రశ్న ఉంది. మాకు తగ్గినది పోయిన బలమా, ఎన్నడూ లేని బలమా? మేస్త్రి ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. దమ్ము దమ్ముగా వేడి పొగ తన్నుకొచ్చింది. రింగులు అరిగిపోయాయి. నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి లివర్ నొక్కితే, సన్నటి తుంపరగా రావాల్సిన డీజిల్ ధారగా కారింది. ఎయిర్ ఫిల్టరు నిండా తెల్లటి రాతిదుమ్ము. 120 అని రాసి ఉన్న ఇంజన్ ఎంత బలం ఇస్తోందో తెలియకుండానే దానికి ఇంకా కావాలని అడుగుతున్నాం. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం బండికి మనం పడిన బాకీ. లేనిదాన్ని కోరడం దాటి వెళ్లిన కొత్త బండిని చూసి పుట్టిన ఆశ. ఆశ తప్పు కాదు. బాకీ తీర్చాకే దాని సంగతి.

చట్టం కూడా ఇక్కడ ఊరికే లేదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

మా 1612కి రింగులు, నాజిళ్లు, ఫిల్టరు మార్పించి, రేడియేటరు కడిగించి, నాలుగు డ్రమ్ములకూ కొత్త లైనర్లు వేయిస్తున్నాం. టర్బో వద్దన్నాను. లోడు ఆర్‌సీలో ఉన్నంతే. మీకూ పాత లారీ ఉంటే, పంపు షాపుకు పంపే ముందు ఒకసారి చక్రాలు విప్పించి డ్రమ్ములు చూడండి.