కొక్కేనికి మిగిలిపోయిన బొమ్మ

ఈ వారం వీడియోలో అపరిగ్రహం గురించి చెప్పుకున్నాం కదా. పతంజలి చెప్పిన ఐదు యమాల్లో చివరిది, అవసరానికి మించి పోగు చెయ్యకపోవడం. ఒక ఉదాహరణ చెప్పడానికి టైమ్ చాలలేదు. అది నా అల్మరాలోనే ఉంది: యాక్షన్ ఫిగర్లు.

"ఈ వయసులో బొమ్మలేంటి" అంటారేమో. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో తెచ్చినప్పుడు, 'డాల్' అంటే మగపిల్లలకి కొనరేమో అని 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. అదే బొమ్మ, పేరు వేరు. నామరూపాల గురించి వేదాంతం చెప్పేది మార్కెటింగ్ వాళ్లకి బాగా తెలుసు!

ఇంకోటి వినండి. 1977లో స్టార్ వార్స్ పెద్ద హిట్. క్రిస్మస్ నాటికి కెన్నర్ కంపెనీ దగ్గర బొమ్మలు రెడీగా లేవు. అప్పుడు వాళ్లు బొమ్మల్లేని ఒక అట్ట ప్యాకెట్ అమ్మారు. లోపల ఉన్న సర్టిఫికెట్ పోస్టులో పంపితే బొమ్మలు మరుసటి ఏడాది వస్తాయి. వస్తువు ఇంకా పుట్టలేదు, కోరిక మాత్రం అప్పటికే షాపులో అమ్ముడుపోయింది.

ఇక అసలు సంగతి. ఈ బొమ్మలు షాపుకి విడివిడిగా రావు, కలగలుపు పెట్టెల్లో వస్తాయి. ఒక పెట్టెలో కొన్ని పాత్రలు రెండు మూడు ఉంటాయి, కొన్ని ఒక్కటే. ఆ ఒక్కటీ కలెక్టర్లు షాపు తెరవగానే పట్టుకుపోతారు. మిగిలినవి కొక్కేలకి వేలాడుతూ ఉంటాయి. వీటిని పెగ్‌వార్మర్ అంటారు, అంటే కొక్కేన్ని వెచ్చగా ఉంచేది అని. తర్వాత డిస్కౌంట్ స్టిక్కర్ పడుతుంది. దాని మీద ఇంకో స్టిక్కర్ పడుతుంది.

ఎవరూ కొనని వాటిని కూడా కొనిపించడానికి ఇంకో ఉపాయం ఉంది. మార్వెల్ లెజెండ్స్‌లో ఒక్కో బొమ్మతో ఒక పెద్ద బొమ్మ తాలూకు ముక్క ఇస్తారు, ఒకదాంతో చెయ్యి, ఇంకోదాంతో కాలు. పెద్దది కావాలంటే అన్నీ కొనాల్సిందే. ఇంజినీరుగా చెప్తున్నా, డిజైన్ అద్భుతం. మనిషిగా ఆలోచిస్తే కొంచెం భయం వేస్తుంది. ఇక్కడ నాకు కావాల్సింది బొమ్మ కాదు, 'సెట్ పూర్తయింది' అనే ఫీలింగ్.

"డబ్బు నాది, అమ్మకానికి పెట్టారు, కొన్నాను. ఇందులో తప్పేముంది?" అని ఒక వాదన ఉంది. నిజమే, చట్టం ప్రకారం ఏమీ లేదు. కానీ భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్తాడు. తేనెటీగల దగ్గర ఆయనకి రెండు పాఠాలు దొరికాయి. ఒకటి, పువ్వుకి నొప్పి కలగకుండా కొంచెం కొంచెంగా తీసుకోవడం. రెండోది, దాచుకున్న ఈగ దాచినదాంతో పాటే పోతుంది, ఆ తేనె ఇంకెవరో పట్టుకుపోతారు. మనం ఎప్పుడూ రెండోదే గుర్తుపెట్టుకుంటాం. నాకు మొదటిదే పెద్దది అనిపిస్తుంది. పొద్దున్నే వెళ్లి ఉన్న మూడు హీరోల్నీ ఒక్కడే బుట్టలో వేసుకుంటే, సాయంత్రం అమ్మతో వచ్చిన ఏడేళ్ల పిల్లాడికి మిగిలేది ఏంటి? పువ్వు ఎవరో అక్కడ తెలుస్తుంది. ఒకటి కొనడం ఇష్టం. రెట్టింపు ధరకి ఆన్‌లైన్‌లో అమ్మడానికి మూడూ కొనడం మాత్రం, నా లెక్కలో, అస్తేయానికి చాలా దగ్గరగా వెళ్లి ఆగడం.

తమాషా ఏంటంటే, పనికిరాదన్న బొమ్మ పనికిరానిదిగా ఉండిపోదు. 1985 నాటికి స్టార్ వార్స్ మోజు తగ్గి, చివర్లో వచ్చిన 'పవర్ ఆఫ్ ది ఫోర్స్' బొమ్మలు పెద్దగా అమ్ముడుపోలేదు. ఇవాళ కలెక్టర్లు వెతికేవి వాటినే. మన ఫన్‌స్కూల్ జి.ఐ. జోలూ అంతే. మనకి పుట్టినరోజు గిఫ్టు, వేరే రంగులు వేసి ఉన్నాయని అమెరికా కలెక్టర్లకి అపురూపం. బొమ్మ మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే ప్లాస్టిక్.

"మరి మన బొమ్మల కొలువు? అది పోగు చెయ్యడం కాదా?" మంచి ప్రశ్న. ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చే ఇళ్లు బోలెడు. సంక్రాంతికో దసరాకో అన్నీ దించి, తుడిచి, మెట్ల మీద పెట్టి, పేరంటానికి ఊరంతా పిలుస్తారు. పిల్లలు ముట్టుకుంటారు, ఒక్కోసారి పగలగొడతారు. కొండపల్లి దశావతారాల్లో ఒక అవతారం పోయినా కొలువు ఆగదు, మిగతా తొమ్మిదీ వరసలో నిలబడతాయి. కలెక్టర్ల లోకంలో సీల్ విప్పితే ధర పడిపోతుంది. కొలువులో విప్పకపోతే పండగే లేదు.

నా అల్మరాలో సీల్ తియ్యనివి ఇంకా నాలుగున్నాయి. ఈ సంక్రాంతికి కింది మెట్టు మీద వాటికి చోటు ఇవ్వమని అమ్మని అడిగాను. "అట్టపెట్టెల్లోంచి తీస్తేనే" అంది.